రెండు బడ్జెట్ ఫోన్లు, ఏడాదికి పైగా గేమింగ్: ఏ ఫోన్ ఎంతసేపు నిలబడింది

తక్కువ ధర ఫోన్లను గేమింగ్ కోసం పోల్చే సమీక్షల్లో చాలావరకు పెట్టె తెరిచిన తొలి వారంలోనే రాసినవి. ఆ వారంలో బ్యాటరీ కొత్తగా ఉంటుంది, స్టోరేజీ ఖాళీగా ఉంటుంది, పరీక్ష కూడా పది పదిహేను నిమిషాలకు మించదు కాబట్టి ఏ ఫోనైనా మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఇక్కడ చెప్పబోయే రెండు ఫోన్లను నేను ఏడాదికి పైగా, దాదాపు రోజూ, ఒకే గేములతో వాడాను. మోడల్ పేర్లు రాయడం లేదు. ఇవే ప్రాసెసర్లు, ఇలాంటి తెరలు, ఇలాంటి స్టోరేజీ ఉన్న ఫోన్లు పలు కంపెనీల నుంచి వచ్చాయి, కొనేవారు పరిశీలించవలసింది కూడా ఈ అమరికనే.

మొదటి ఫోన్‌లో మీడియాటెక్ హీలియో జీ99 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, యూఎఫ్‌ఎస్ 2.2 స్టోరేజీ, 120 హెర్ట్జ్ (అంటే సెకనుకు 120 సార్లు బొమ్మను తిరిగి గీసుకునే) అమోలెడ్ తెర ఉన్నాయి. రెండోదానిలో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 680, 6 జీబీ ర్యామ్, ఈఎమ్‌ఎమ్‌సీ 5.1 స్టోరేజీ, 90 హెర్ట్జ్ ఐపీఎస్ ఎల్‌సీడీ తెర ఉన్నాయి. రెండూ 4జీ ఫోన్లే, రెండింటి బ్యాటరీ సామర్థ్యమూ 5000 ఎంఏహెచ్. ప్రాసెసర్లు రెండూ 6 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే అయినా వాటి లోపలి తరాలు వేరు. 2022లో వచ్చిన జీ99లో 2.2 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కార్టెక్స్-ఏ76 కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండు, ఏ55 కోర్లు ఆరు ఉంటే, 2021లో వచ్చిన 680లో అంతకంటే పాతవైన ఏ73 ఆధారిత కోర్లు నాలుగు, ఏ53 ఆధారిత కోర్లు నాలుగు ఉన్నాయి. గ్రాఫిక్స్ విషయంలో అంతరం ఇంకా పెద్దది. 680లోని అడ్రినో 610 అనే గ్రాఫిక్స్ భాగం 2019 నాటి స్నాప్‌డ్రాగన్ 665లోనూ ఉన్నదే. కాగితం మీద చూస్తే ఇది పోటీయే కాదు.

తొలి అరగంట ఆటలోనూ అలాగే అనిపిస్తుంది. పబ్జీ మొబైల్‌లో మొదటి ఫోన్ 'స్మూత్' గ్రాఫిక్స్ మీద 'ఎక్స్‌ట్రీమ్' వరకు, అంటే సెకనుకు 60 ఫ్రేముల (వరుసగా చూపే బొమ్మల) వరకు అనుమతిస్తుంది. రెండోది 'అల్ట్రా' దగ్గరే, అంటే 40 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంది. గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటి బరువైన గేమును మొదటి ఫోన్ కనిష్ఠ సెట్టింగులతో ఓపిగ్గా నడిపించగలదు, రెండోదానిలో మాత్రం శత్రువులు గుంపుగా వచ్చినప్పుడల్లా ఆట తడబడుతుంది కనుక ఆ గేము కోసం దాన్ని కొనవద్దని నేరుగా చెప్పగలను.

అరగంట దాటాక కథ మారుతుంది. మొదటి ఫోన్ పలుచనిది, వేడిని వెదజల్లే ఏర్పాటు అందులో అంతంతమాత్రమే కావడంతో, కెమెరాల పక్కనున్న భాగం వేళ్లకు చురుక్కుమనేంతగా కాగుతుంది. ఆపైన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తుంది, తెర వెలుతురును కూడా మన ప్రమేయం లేకుండానే దించేస్తుంది. ఫ్రేమ్ రేటు 60 నుంచి జారి 45కూ 55కూ మధ్య ఊగిసలాడుతుంది. దీన్నే మన పెద్దలు ఆరంభశూరత్వం అన్నారు, తొలి వారం సమీక్షల్లో కనిపించనిది కూడా ఇదే. ఊగిసలాట ఎందుకంత ఇబ్బంది పెడుతుందో వివరిస్తాను. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారు కావాలి. వేడెక్కిన ప్రాసెసర్ దానికి 18 మిల్లీసెకన్లు తీసుకుందనుకుంటే, 120 హెర్ట్జ్ తెర తిరిగి గీసుకునే తరువాతి క్షణం 25వ మిల్లీసెకను దగ్గర ఉంటుంది కాబట్టి ఆ ఫ్రేము అప్పటిదాకా ఆగవలసిందే. అలా కొన్ని ఫ్రేములు 16.7 మిల్లీసెకన్లకు, కొన్ని 25 మిల్లీసెకన్లకు వస్తుంటే, సగటు 50కి పైనే ఉన్నా గురి పెట్టే వేలికి లయ దొరకదు.

అందుకే చాలాకాలంగా మొదటి ఫోన్‌లో 60 ఫ్రేముల సెట్టింగును పక్కన పెట్టి 40 దగ్గరే ఆడుతున్నాను. ఈ ఫోన్ కొన్నవారికి నేను ఇవ్వగల అత్యంత విలువైన సలహా ఇదే. 120ని 40 నిశ్శేషంగా భాగిస్తుంది, అంటే ప్రతి ఫ్రేము తెర మీద సరిగ్గా మూడు రిఫ్రెష్‌ల (తెర తిరిగి గీసుకునే సార్ల) పాటు, 25 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఒక్కటీ ముందూ వెనుకా కాదు. ప్రాసెసర్ మీద భారం కూడా లెక్కకు మించి తగ్గుతుంది, ఎందుకంటే చిప్ వేగం పెంచాలంటే వోల్టేజీని కూడా పెంచాలి, విద్యుత్ ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని కొద్దిగా తగ్గించినా వేడి అంతకు మించి తగ్గడం ఇందువల్లే. 40 దగ్గర ఈ ఫోన్ గంటన్నర ఆటలోనూ గోరువెచ్చదనం దాటదు, మ్యాచ్ చివరి సర్కిల్‌లో (ఆడే చోటు బాగా కుంచించుకుపోయే ఘట్టంలో) కూడా మొదటి నిమిషంలో ఆడినట్టే ఆడుతుంది. అయితే ఒక షరతు ఉంది. కొన్ని ఫోన్లు గేము తెరవగానే తెరను 60 హెర్ట్జ్‌కు దించేస్తాయి, అప్పుడు 40 ఫ్రేములు సమంగా సర్దుకోలేవు. డెవలపర్ ఆప్షన్లలో రిఫ్రెష్ రేటును చూపించే మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేసి గేములో తెర నిజంగా 120 దగ్గరే ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఇదే లెక్క రెండో ఫోన్‌ను వెనక్కి నెడుతుంది. 90 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేములు వేస్తే మూడు ఫ్రేములు రెండేసి రిఫ్రెష్‌లు, నాలుగోది మూడు రిఫ్రెష్‌లు నిలవాలి; కెమెరాను నెమ్మదిగా తిప్పినప్పుడు ఆ చిన్న కుదుపు కంటికి తెలుస్తుంది. 45 ఫ్రేముల సెట్టింగు ఉంటే సరిపోయేది కానీ నేను ఆడిన గేముల్లో అది లేదు. రేసింగ్ గేముల్లో 30 ఫ్రేములకు దించితే ఒక్కో ఫ్రేము మూడేసి రిఫ్రెష్‌లతో సమంగా వస్తుంది, షూటింగ్ గేములకు అది చాలదు. ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి: ఈ ఫోన్ వేడెక్కదు. మందంగా, బరువుగా ఉన్నా రెండు గంటల తరువాత కూడా వెనుక భాగం చల్లగానే ఉంటుంది, ఇచ్చే ఆ కాస్త వేగాన్నీ చివరిదాకా తగ్గించకుండా ఇస్తుంది.

రెండో ఫోన్ మొదటిదాన్ని నిజంగా ఓడించిన చోటు గైరోస్కోప్. ఫోన్‌ను వంచుతూ గురి సర్దుకునే అలవాటు ఉన్నవారికి ప్రాసెసర్ కంటే ఇదే ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. రెండో ఫోన్‌లో అసలైన గైరోస్కోప్ చిప్ ఉంది. కంపించే అతి చిన్న భాగం మీద తిరుగుడు కలిగించే బలాన్ని కొలిచి, ఫోన్ ఏ దిక్కుకు ఎంత వేగంగా తిరుగుతోందో అది సూటిగా చెబుతుంది. మొదటి ఫోన్‌లో ఆ చిప్ లేదు. యాక్సెలరోమీటర్ (కదలికను, వంపును పసిగట్టే సెన్సర్), దిక్సూచి సెన్సర్ ఇచ్చే సమాచారం నుంచి లెక్కగట్టిన వర్చువల్ గైరోస్కోప్ మాత్రమే ఉంది. అయస్కాంతం ఉన్న కవర్ తొడిగినా, స్పీకర్ అయస్కాంతం లాంటిది దగ్గరకు వచ్చినా దిక్సూచి సెన్సర్ తడబడుతుంది, దానితో పాటే గురీ తడబడుతుంది. స్కోప్ తెరిచి తుపాకీ అదురును కిందికి లాగే సమయంలో చేతి కదలికకూ తెర కదలికకూ మధ్య వచ్చే ఆలస్యం ఎంత సాధన చేసినా అలవాటు కాలేదు. ఫోన్ వివరాల పట్టికల్లో రెండు రకాలనూ ఒకే పేరుతో రాసే సందర్భాలు ఉంటాయి కనుక, కొనే ముందు సెన్సర్ల జాబితా చూపించే ఏదైనా ఆప్‌లో ఆ చిప్ వివరాలు నిజంగా కనిపిస్తున్నాయో లేదో చూడటం అవసరం.

స్టోరేజీ తేడా మొదట్లో తెలియలేదు, నెలలు గడిచేకొద్దీ బయటపడింది. యూఎఫ్‌ఎస్ ఒకే సమయంలో చదవగలదు, రాయగలదు. ఈఎమ్‌ఎమ్‌సీ ఒకసారికి ఏదో ఒకటే చేస్తుంది. రెండో ఫోన్‌లో స్టోరేజీ నిండుతున్న కొద్దీ, వెనుక ఏదైనా ఆప్ అప్‌డేట్ అవుతుంటే మ్యాప్ తెరుచుకోవడం ఆలస్యమై, పారాచూట్ దిగాక కూడా ఇళ్ల గోడలు కాసేపు మసకగా ఉండిపోయేవి. నాలుగో వంతు స్టోరేజీని ఎప్పుడూ ఖాళీగా ఉంచడం, ఆటో అప్‌డేట్లు ఆపడం వల్ల చాలావరకు సర్దుకుంది. రెండు కంపెనీలూ గొప్పగా ప్రచారం చేసుకునే అదనపు వర్చువల్ ర్యామ్‌ను నేను రెండింటిలోనూ ఆపేశాను. అది ర్యామ్‌కు చాలని సమాచారాన్ని స్టోరేజీ మీదికి నెట్టే పద్ధతి కాబట్టి, ఈఎమ్‌ఎమ్‌సీ ఉన్న ఫోన్‌లో గేమింగ్‌కు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

టచ్ శాంప్లింగ్ రేటు (వేలి తాకిడిని తెర సెకనుకు ఎన్నిసార్లు గమనిస్తుందనేది) గురించి ప్రకటనల్లో కనిపించే అంకెలకు నేను పెద్దగా విలువ ఇవ్వను. 180 హెర్ట్జ్‌కూ 240 హెర్ట్జ్‌కూ మధ్య తేడా ఒకటిన్నర మిల్లీసెకను లోపే, ఒక్కో ఫ్రేమే 25 మిల్లీసెకన్లు తీసుకునే చోట దాని ప్రభావం కనిపించదు. శబ్దం సంగతి అలా కాదు. సాధారణ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే, అంటే శత్రువు అడుగుల చప్పుడు నాలుగైదు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తుంది. రెండో ఫోన్‌కు హెడ్‌ఫోన్ జాక్ ఉంది కనుక ఆ సమస్య లేదు. మొదటిదానికి జాక్ లేదు, తీగ ఇయర్‌ఫోన్లను ఛార్జింగ్ పోర్టుకే తగిలించాలి.

తెరల్లో అమోలెడ్ అందం కాదనలేనిది, చీకటి గదుల్లో దాక్కున్నవారు దానిలో స్పష్టంగా కనిపిస్తారు. అయితే గేము బటన్లు ఎప్పుడూ ఒకే చోట వెలుగుతూ ఉంటాయి, దీర్ఘకాలంలో అమోలెడ్ మీద వాటి నీడలు మిగిలిపోయే అవకాశం ఉంటుంది. నా ఫోన్ మీద ఇప్పటిదాకా ఏ గుర్తూ పడలేదు. ముందుజాగ్రత్తగా బటన్ల పారదర్శకతను పెంచి, వెలుతురును మధ్యస్థంగా ఉంచి ఆడుతున్నాను.

బ్యాటరీల విషయంలో కాలం రెండు ఫోన్లనూ ఒకేలా చూడలేదు. లిథియం అయాన్ బ్యాటరీని వేడి త్వరగా పాతబరుస్తుంది. మొదట్లో 60 ఫ్రేముల దగ్గర ఎక్కువగా ఆడిన మొదటి ఫోన్ బ్యాటరీ ఇప్పుడు స్పష్టంగా ముందే దిగిపోతోంది, చల్లగా ఉండే రెండోది దాదాపు కొత్తప్పటిలాగే వస్తోంది. ఆడుతున్నప్పుడు బ్యాటరీని పక్కన పెట్టి ఛార్జర్ నుంచి నేరుగా విద్యుత్తు తీసుకునే బైపాస్ ఛార్జింగ్ సదుపాయం రెండింటిలోనూ లేదు కాబట్టి, ఛార్జింగ్‌లో పెట్టి ఆడటం ఏ ఫోన్‌తోనూ చేయను.

గైరోస్కోప్ వాడని వారు ఎవరైనా అడిగితే జీ99 ఫోన్‌నే తీసుకోమంటాను, 40 ఫ్రేముల సెట్టింగుతో. గైరో వాడేవారికి మాత్రం అదే జీ99, అదే 120 హెర్ట్జ్ తెరతో పాటు అసలైన గైరోస్కోప్ చిప్ కూడా ఉన్న మోడల్ దొరికేదాకా ఆగమంటాను. అంతవరకు ఆగలేనివారికి 680 ఫోన్ వేగంలో వెనకబడినా గురిలో అన్యాయం చేయదు.