గార్మిన్ ఫోర్‌రన్నర్ 55: కొత్త రన్నర్లకు సరిపోయే వాచీ

2021లో వచ్చింది. బరువు 37 గ్రాములు, జీపీఎస్‌తో 20 గంటల బ్యాటరీ. టచ్ లేదు, అయిదు బటన్లే. హైదరాబాద్ ఉక్కపోతలో చెమట వేళ్లకు అదే మేలు. తెర ఎండలోనే ఇంకా బాగా కనబడుతుంది.

కేబీఆర్ పార్కు చెట్ల కింద, హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య మాత్రం పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) అంకె గెంతుతుంది. ఇందులో డ్యూయల్ బ్యాండ్ జీపీఎస్, అంటే రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకునేది, లేదు మరి. అక్కడ ల్యాప్ పేస్, అంటే ఆ ల్యాప్ సగటు, చూసుకోండి. సిగ్నల్ దొరక్కముందే స్టార్ట్ నొక్కితే మొదటి కిలోమీటరు లెక్క తప్పుతుంది.

నింపాదిగా పరిగెత్తుతున్నా గుండె వేగం 170 చూపిస్తోందా? ముందు పట్టీ చూడండి. వదులైతే సెన్సర్ అడుగుల లయనే నాడి అనుకుంటుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించాలి. ఇంటర్వెల్స్‌కైతే (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం) గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీయే దిక్కు. పాటలు దాచుకునే వీల్లేదు, ఫోను మోయాల్సిందే.