'ది విజిటర్స్' ఆల్బమ్‌లో ఆఖరి పాట: ఏళ్ళ తరబడి విన్నాక

స్వీడన్ పాప్ బృందం అబ్బా (ABBA) అంటే 'డ్యాన్సింగ్ క్వీన్' పాట ఒక్కటే అనుకునేవాళ్ళకు నేను పట్టుబట్టి వినిపించే పాట ఒకటుంది: 'లైక్ యాన్ ఏంజెల్ పాసింగ్ త్రూ మై రూమ్'. 1981 నవంబరు చివర్లో వచ్చిన 'ది విజిటర్స్' ఆల్బమ్‌లో తొమ్మిదో పాట, ఆఖరిది. అందరి ఇళ్ళలోనూ ఉండే, వాళ్ళ హిట్ పాటల 'గోల్డ్' సంకలనంలో ఇది లేదు. అందుకే చాలామంది చెవిన పడలేదు.

డ్రమ్స్ లేవు. గడియారం టిక్‌టిక్‌మంటుంటుంది, మీద బృందంలోని బెన్నీ ఆండర్సన్ సింథసైజర్, ఆపైన గాయని ఫ్రీడా గొంతు. అంతే. రెండో గాయని అగ్నెతా ఎక్కడా వినపడదు. ఆ ఇద్దరి గొంతులూ పొరలు పొరలుగా పేర్చి పేరు తెచ్చుకున్న బృందం ఇక్కడ ఒక్కరితోనే పాడించి ఊరుకుంది! ఫ్రీడా కూడా ఎక్కడా గొంతు పెంచదు. పొయ్యి మంట ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి తనలో తాను అనుకున్నట్టే పాడుతుంది. భార్యాభర్తలైన ఆమె, బెన్నీ విడిపోతున్నట్టు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రకటించారు. అది తెలిశాక, ఆమె పక్కన వాయిస్తున్నది ఆయనేనన్న సంగతి ఎన్నిసార్లు విన్నా మనసులోంచి పోదు.

ఇబ్బందులూ ఉన్నాయి. బస్సులోనో కారులోనో పెడితే సగం పాట రొదలో కలిసిపోతుంది. వినపడటం లేదని సౌండు పెంచితే గడియారమే చెవిలో పొడుస్తుంది, ముఖ్యంగా చవక ఇయర్‌ఫోన్లలో. షఫుల్‌లో అయితే మరీ అన్యాయం. ముందు ఎనిమిది పాటలూ విని అలిసిన చెవికి ఇది దొరకాలి గానీ, ఏ హుషారు పాట వెనకో వస్తే నీరసంగా ఉందనిపిస్తుంది. నాకు రాత్రిపూట, ఫ్యాన్ కూడా ఆపేసి, చిన్న స్పీకర్లో తక్కువ సౌండుతో వింటేనే బాగుంటుంది.

2012 డీలక్స్ సీడీలో ఈ పాట తయారైన క్రమమంతా ఒక మెడ్లీగా, అంటే ముక్కలన్నీ వరసగా కలిపి, ఇచ్చారు. ఇదే ట్యూన్‌ని ఎన్ని రకాలుగా ప్రయత్నించి, చివరికి ఎంత తీసేశారో అందులో తెలుస్తుంది. ఒక్కసారి వినదగ్గది, నేను మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టుకోను.

కొనేవాళ్ళకు ఒక మాట. పాత ఎల్పీ రికార్డు దొరికితే అదే తీసుకోండి. తర్వాతి సీడీల్లో ఈ పాట అయిందో లేదో 'షుడ్ ఐ లాఫ్ ఆర్ క్రై' బోనస్‌గా మొదలైపోతుంది. మంచి పాటే, కానీ అక్కడ వద్దు. సీడీయే ఉంటే రిమోట్ చేతికి అందేలా పెట్టుకుని కూర్చోండి.