ధర బాగానే ఉంది, కాంటా దగ్గరే తంటా: పదేళ్లకు పైగా వడ్ల కేంద్రంలో అమ్మిన అనుభవం

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లా. కాలువ కింద ఐదెకరాలు, వానాకాలం, యాసంగి రెండూ వరే. తెలంగాణ రాకముందు నుంచీ మా వడ్లు ఊళ్లోని ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికే పోస్తున్నాం. కాగితం మీద దీన్ని గుత్తాధిపత్యం అనలేం, నా వడ్లు నేను ఎవరికైనా అమ్ముకోవచ్చు. కానీ యాసంగి దొడ్డు వడ్లను మద్దతు ధరకు కొనే ఇంకో మనిషిని నాకు చూపించండి. మా మండలంలో లేడు. అందుకే దీన్ని ఒకే ఒక్క కొనుగోలుదారుగా లెక్కగట్టి, బాగోగులు రాస్తున్నా.

ముందు మంచి చెప్పుకోవాలి. 2014-15లో 'ఎ' గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1400. 2025-26కి అది 2389 అయింది. చివరికి లెక్కకెక్కిన ప్రతి క్వింటాలుకూ ఆ ఏటి ధర నా ఖాతాలో పడింది, ఒక్క పైసా తగ్గలేదు. వెనకట సావుకారి దగ్గర అప్పు తెచ్చుకుని, పంట ఆయన గోదాములోనే పోసి, ఆయన చెప్పిన రేటుకే తల ఊపిన ఇళ్లలో మాదీ ఒకటి. ఆ బాధ ఇప్పుడు లేదు. రాష్ట్రంలో 2014-15లో ప్రభుత్వం కొన్నది 24 లక్షల టన్నుల చిల్లర. 2020-21కి అది 141 లక్షల టన్నులు దాటింది. ఇంత వడ్లు కొనడం మామూలు పని కాదు, ఒప్పుకోవాలి.

ఇక కాంటా సంగతి. వడ్లు ఆరబోసి, సీరియల్ నంబరు వచ్చేదాకా కాపలా కాసి, తేమ చూపించుకోవాలి. 17 శాతం లోపుంటేనే కొంటారు. మీటర్‌లో పోసే పిడికెడు ఎక్కడి నుంచి తీస్తారన్నదే అసలు ఆట. కుప్ప పైన తీస్తే 15 చూపిస్తుంది, అడుగున చెయ్యి పెట్టి తీస్తే 18. మంచు పడిన పొద్దున ఒక లెక్క, అదే కుప్ప మధ్యాహ్నం ఇంకో లెక్క. అందుకే పొద్దెక్కాకే మీటర్ పెట్టమని బతిమిలాడతాం. అది దాటితే తాలు. ప్యాడీ క్లీనర్ ఉంటుంది గానీ మన వంతు వచ్చేసరికి బెల్టు తెగి ఉంటుంది.

అన్నీ అయ్యాక గన్నీ సంచి కాంటా ఎక్కుతుంది. 40 కిలోల వడ్లు, సంచి బరువు ఆరు వందల గ్రాముల దాకా. అంటే ముల్లు 40.6 దగ్గర ఆగాలి. మా దగ్గర 42 దాటితే గానీ హమాలీ సుతిలి అందుకోడు. ఏంటిదంటే "మిల్లుకు పోయాక తరుగు వస్తది, ఇక్కడే పెడితే మీకే మంచిది" అంటారు. సంచికి కిలోన్నర ఎక్కువ జోకితే క్వింటాలుకు మూడు కిలోల ముప్పావు. 2389 ధరలో దాదాపు 90 రూపాయలు. ప్రభుత్వం ఒక్క ఏడాదిలో పెంచిన మద్దతు ధర 69 రూపాయలు (2024-25లో 2320 ఉండె). పెంచిన దానికంటే ఎక్కువ కాంటా మీదే పోతుంది. పైగా హమాలీ కూలీ మన జేబులోంచే.

అంత జోకించుకున్నా మిల్లు గేటు దగ్గర లారీ ఆగుతుంది. మా కేంద్రానికి కేటాయించిన మిల్లు పేరెందుకు గానీ, ఒక యాసంగిలో లారీని రోజుల తరబడి దింపుకోకుండా నిలబెట్టి, లోడుకు ఇన్ని సంచులు తీసేస్తామని ఫోన్ చేయించారు. ఒప్పుకోకపోతే లారీ వెనక్కి. కేంద్రంలో మాకిచ్చిన తూకం చిట్టీకి అక్కడ విలువ లేదు, ఎందుకంటే మిల్లు వాళ్లు దిగుమతి చేసుకున్నామని ఆన్‌లైన్‌లో ఒప్పుకున్నాకే మన డబ్బు కదులుతుంది. ఇంతకీ ఆ మిల్లు మా వడ్లు కొనదు. ప్రభుత్వం కొన్న వడ్లను తీసుకుని మరాడించి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగిచ్చే పని దానిది. అద్దెకు మర ఆడించేవాడు మన పంటకు జడ్జి ఎట్లా అయ్యాడు?

సీరియల్ కోసం కూర్చున్నప్పుడు మా దగ్గర ఈ మాటే నడుస్తుంది. మా వరసకు అల్లుడయ్యే ఒక పిల్లగాడు సన్నాలు పండించి, కోత మిషను దగ్గరే పచ్చివి అమ్మేస్తాడు. "మామా, 25 శాతం తేమ ఉన్న క్వింటాలు ఎండి 17కు వచ్చేసరికి 90 కిలోలే ఉంటది. నీ మద్దతు ధర లెక్క 2150. నాకు పచ్చిదే 2200 ఇస్తుండ్రు. పరదాల కిరాయి లేదు, కాపలా లేదు. కేంద్రాలు తీసేస్తే మిల్లోళ్లే పోటీ పడి కొంటరు" అంటాడు. లెక్కలో తప్పు లేదు. కానీ అది సన్నాలకు, అదీ గిరాకీ ఉన్న ఏడాదికి. పక్కనే కూర్చున్న పెద్దమనిషి ఊరుకోలేదు. "అరే అల్లుడా, కేంద్రం ఉన్నదని వాడు నీకు 2200 ఇస్తుండు. రేపు అది లేకుంటే 1700 అంటడు, నువ్వేం జేస్తవ్? ఇంటికి తీస్కపోతవా?"

నా ఓటు పెద్దమనిషికే. బీహార్‌లో 2006లోనే మార్కెట్ చట్టం ఎత్తేశారు, ఎవరైనా ఎక్కడైనా కొనొచ్చు. అక్కడి రైతుకు మద్దతు ధర అందడమే గగనం. మన దగ్గర ఏటా కోతల కాలంలో పక్క రాష్ట్రాల సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెడతారు, వడ్లు లోపలికి రాకుండా. బయట స్వేచ్ఛగా మంచి ధర దొరుకుతుంటే ఆ లారీలు ఇటెందుకు వస్తాయి?

అల్లుడి మాట పూర్తిగా కొట్టేయలేని ఏడాది కూడా ఒకటుంది. 2023 వానాకాలంలో వ్యాపారులు కల్లం దగ్గరికే వచ్చి మద్దతు ధర కంటే ఎక్కువిచ్చారు, మా కేంద్రం బోసిపోయింది. అప్పటికే, ఆ జులైలోనే, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఢిల్లీ ఆపేసింది. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరులో. ధర పైకి పోతుంటే మూత పెడతారు, కిందికి పోతుంటే మార్కెట్ అంటారు. 2021లో దీని రెండో ముఖం చూశాం. ఎండలకు యాసంగి గింజ పగిలి నూక ఎక్కువవుతుంది కాబట్టి ఇక్కడ ఉప్పుడు బియ్యమే చేస్తారు. ఇక ఆ బియ్యం తీసుకోబోమని కేంద్ర ప్రభుత్వం అంది. వరి వేస్తే ఉరే అన్న మాట ఆ ఏడాది ఊరూరా మోగింది. 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో మన రాష్ట్ర పాలకుల ధర్నా, తెల్లారి రాష్ట్రమే కొంటుందని ప్రకటన. నారు పోసేటప్పుడు ఒక మాట, కోతకు ఇంకో మాట. మధ్యలో మమ్మల్ని అడిగినవాళ్లు లేరు.

నాకు అసలు కడుపుమంట అక్కడే. కొనుగోలు కేంద్రం ఉండాలా వద్దా అని కొట్లాడతాం గానీ, దాన్ని నడిపేవాళ్లలో మన మనిషి ఎవడని అడగం. మార్కెట్ కమిటీ చైర్మన్‌ని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. సహకార సంఘానికి మనమే ఓటేస్తాం, కానీ 2020 ఫిబ్రవరి ఎన్నిక తర్వాత ఐదేళ్లు నిండినా ఎన్నిక పెట్టకుండా పాత పాలకవర్గానికే గడువు పెంచారు. మహిళా సంఘాల కేంద్రాల్లో ఆడవాళ్లు తెల్లవార్లూ కష్టపడతారు, మిల్లు ఏది అన్నది మాత్రం వాళ్ల చేతిలో లేదు. ఆంధ్రాలో 2024 నుంచి వాట్సాప్‌లో స్లాట్ పెట్టుకుని మిల్లు కూడా రైతే ఎంచుకోవచ్చన్నారు. ఆ ఒక్క వెసులుబాటు మాకిస్తే సగం టెన్షన్ పోతుంది.

కెనడాలో ఉండే మా మేనల్లుడు అక్కడి గోధుమ బోర్డు కథ చెప్పాడు. పడమటి రాష్ట్రాల రైతులు ఎగుమతికైనా, దేశంలో తిండికైనా గోధుమను దానికే అమ్మాలి. కాదని సొంతంగా సరిహద్దు దాటించి, జరిమానా కట్టనన్న 13 మంది రైతులు 2002లో జైలుకు పోయారు. మనకంటే కఠినం. కానీ 1998 నుంచి దాని 15 మంది డైరెక్టర్లలో 10 మంది రైతులు ఓటేసి ఎన్నుకున్నవాళ్లే. 2011లో బోర్డు ఓటింగ్ పెడితే గోధుమ రైతుల్లో 62 శాతం అట్లాగే ఉంచమన్నారు. అయినా ప్రభుత్వం 2012 ఆగస్టు 1 నుంచి ఆ గుత్తాధికారం తీసేసింది. వాళ్లు ఓడిపోయారు, నిజమే. లెక్క అడగడానికి వాళ్లకు బోర్డులో పది కుర్చీలైనా ఉండేవి.

మార్కులు వేయమంటే ధరకు ఐదులో నాలుగున్నర, డబ్బు పడే వేగానికి మూడు, కాంటాకు ఒకటిన్నర, మిల్లు గేటుకు సున్నా. కొత్తగా అమ్మేవాళ్లకు ఒక్కటే చెప్తా: లారీ కదిలేముందు ట్రక్ షీటులో, అంటే లోడు లెక్క రాసే కాగితంలో, మీ పేరు మీద ఎన్ని సంచులు రాశారో ఫోటో తీసి పెట్టుకోండి. నేను పోగొట్టుకున్న సంచులు ఒకసారి ఆ ఫోటోతోనే తిరిగి రాయించుకున్నా.

ఈ యాసంగికి మూడెకరాలు దొడ్డు, రెండెకరాలు సన్నాలు పెడుతున్నా. దొడ్డువి కేంద్రానికే పోస్తా. సన్నాలకు 2025-26 ధర మీద రాష్ట్రం బోనస్ 500 కలిపితే 2889, తొంభై కిలోల లెక్కన పచ్చి క్వింటాలుకు 2600. కోతనాడు బయటోడు అంతకంటే ఎక్కువిస్తే మిషను దగ్గరే అమ్మేస్తా, లేకుంటే అవీ కేంద్రంలో కుప్ప పోయాల్సిందే.