పైన్ నూనె కోరల్ డిప్: రెండేళ్ళకు పైగా వాడాక

ఉప్పునీటి ట్యాంక్‌లో పెంచే కోరల్స్‌ని, అంటే పగడాలని, పురుగు వదలడానికి కాసేపు ముంచే మందు ఇది. ఐదుకి మూడున్నర ఇస్తాను. పెద్ద ఫ్లాట్‌వర్మ్‌లని, అంటే పొరలా బల్లపరుపుగా ఉండే పురుగుల్ని, కోరల్ కొమ్మ మీంచి ఊడగొట్టడంలో దీనికి వంక పెట్టేది లేదు. గుడ్లని మాత్రం ఇది ఏమీ చెయ్యలేదు. ఆ సంగతి తెలిసి కొనుక్కుంటే డబ్బులు దండగ కావు. తెలియకపోతే, వారం వారం డిప్ చేస్తున్నా పురుగు మళ్ళీ ఎందుకొస్తోందో అర్థం కాక జుట్టు పీక్కుంటారు.

ఇక్కడ టెక్సాస్‌లో మా రీఫ్ ట్యాంక్‌కి (పగడాలు పెంచే ట్యాంక్‌కి) పట్టింది అక్రోపోరా అనే కొమ్మల పగడాన్ని తినే ఫ్లాట్‌వర్మ్. ఈ హాబీలో దీన్ని పొట్టిగా ఏ.ఈ.ఎఫ్.డబ్ల్యూ (అక్రోపోరా ఈటింగ్ ఫ్లాట్‌వర్మ్) అంటారు. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 2011లోనే. మరుసటేడు ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో, అంటే సముద్రంలో, తొలిసారి దొరికింది. అప్పటికే ట్యాంకులు పెట్టుకున్నవాళ్ళకి ఇది పాత శత్రువు. తిన్న కోరల్ తాలూకు రంగుని ఒంట్లోనే దాచుకుంటుంది కాబట్టి ఏ కొమ్మ మీద ఉంటే ఆ కొమ్మ రంగులోనే ఉంటుంది. ఎదురుగా ముక్కు పెట్టి చూసినా కనపడదు. కనపడేది అది కొరికిన గుర్తే: మిల్లీమీటరంత గుండ్రటి పాలిపోయిన చుక్కలు, ఎక్కువగా కొమ్మ అడుగువైపు, నీడ పట్టున. రంగు కింద నుంచి పైకి వెలుస్తూ వస్తుంటే, పాలిప్స్ (కోరల్ ఒంటి మీద పూలలా విచ్చుకునే చిన్న జీవులు) బయటికి రావడం తగ్గితే, తప్పు నీళ్ళదనుకోకుండా ఆల్కలినిటీ టెస్ట్ కిట్ పక్కన పెట్టి డిప్ చేసి చూడండి.

సీసా మూత తియ్యగానే గుప్పున తెల్ల ఫినాయిల్ వాసన. పైన్ నూనె కదా మరి. డిప్ పెట్టిన రోజు మా ఆవిడ "బాత్‌రూమ్ కడిగారా ఏంటి?" అని ఆశగా అడిగేది. వాడే ముందు సీసా గట్టిగా కుదపాలి, లేకపోతే నూనె పైకి తేలిపోయి ఒకసారి పలచగా, ఇంకోసారి చిక్కగా పడుతుంది. నేను ట్యాంక్ నీళ్ళే నల్లటి టబ్బులోకి తీసుకుంటాను, ఎందుకంటే పురుగు రాలాక పాలిపోయి ఉంటుంది, తెల్ల బకెట్‌లో కంటికి ఆనదు. మోతాదూ, టైమూ లేబుల్ మీద ఉన్నట్టే. ఆ కాసేపూ టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పొడుగాటి గొట్టంతో) కొమ్మల సందుల్లోకి నీళ్ళు గట్టిగా కొడుతూనే ఉండాలి. ఊరికే నానబెట్టి వచ్చేస్తే సగం పురుగులు అక్కడే అతుక్కుని ఉంటాయి. మొదట ఏమీ రాలదు. తర్వాత అంచులు ముడుచుకున్న ఒక పొర, కోడిగుడ్డు పెంకు లోపలి పొరలాంటిది, కొమ్మ నుంచి విడిపోయి మెల్లగా తిరుగుతూ అడుక్కి దిగుతుంది. ఒకటి దిగిందంటే వెనకే ఇంకో నాలుగు దిగుతాయి. తర్వాత మంచి నీళ్ళలో, అంటే శుభ్రమైన ఉప్పునీళ్ళలో, రెండుసార్లు కడగాలి. డిప్ నీళ్ళు ఒక్క చుక్క కూడా ట్యాంక్‌లోకి పోకూడదు.

ఇక గుడ్లు. కోరల్ చర్మం ఉన్నచోట పెట్టదు, అడుగున చచ్చిన తెల్లటి రాతి భాగం మీద పెడుతుంది. చిన్న గోధుమరంగు చుక్కలు, పక్కపక్కనే పేర్చినట్టు గుత్తిగా. మార్కెట్‌లో ఉన్న ఏ డిప్పూ వాటి పెంకు దాటి లోపలికి పోదు. బ్లేడుతో గీకొచ్చు, కానీ సందుల్లో ఉన్నవి మిగిలిపోతాయి. అందుకని నేను గీకడం మానేసి బోన్ కట్టర్‌తో చచ్చిన భాగమంతా తెగ్గొట్టి, ఆ ఫ్రాగ్ (కోరల్ ముక్క) అంటించి వచ్చిన ప్లగ్‌తో, అంటే చిన్న దిమ్మతో, సహా చెత్తలో పడేస్తాను. మిగిలిన ముక్కని కొత్త ప్లగ్ మీద అంటిస్తాను. కొయ్యడానికి మనసు రానిచోట సూపర్ గ్లూ జెల్ మందంగా పూసి గుడ్లని లోపలే మూసేస్తాను. గుడ్లు పొదగడానికి రోజులూ వారాలూ పడుతుంది, నీళ్ళు వెచ్చగా ఉంటే తొందరగా, చల్లగా ఉంటే ఆలస్యంగా. పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేలోపు పట్టుకోవాలి కాబట్టే వారానికోసారి చొప్పున కనీసం ఆరు వారాలు డిప్ చెయ్యమంటారు. ఆరుతో ఆపకండి. రెండు డిప్పుల్లో వరసగా ఏమీ రాలలేదంటేనే ఆపండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రాయి మీద పాకిపోయిన కాలనీలు. వాటిని తీసి డిప్ చెయ్యలేం. పైకొమ్మలు కోసి తీసుకున్నా రాతి మీద మిగిలిన పలచటి చర్మం చాలు పురుగు బతకడానికి. దాన్ని గీకి, ఎపాక్సీ జిగురుతో కప్పేశాక, అక్రోపోరా అంతా వేరే చిన్న ట్యాంక్‌లోకి మార్చేశాను. ఈ పురుగు అక్రోపోరా తప్ప వేరే కోరల్ జోలికి పోదు, కాబట్టి పెద్ద ట్యాంక్‌లో మాంటీపోరాలూ, హ్యామర్లూ లాంటి వేరే కోరల్స్ ఎక్కడివక్కడే ఉన్నాయి. తిండి లేక అక్కడి పురుగు పోయింది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పని పూర్తి చేసింది ఈ ఖాళీయే, సీసా కాదు.

తోటలో కొట్టే పురుగుమందుని డిప్‌గా వాడేవాళ్ళూ ఉన్నారు. బాగా పనిచేస్తుందనే విన్నాను. నేను ముట్టుకోలేదు. లేబుల్ మీద రాసిన పనికి కాకుండా వేరే దానికి వాడటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు, ఆ మాట డబ్బా మీదే ఉంటుంది. అక్రోపోరాకే పట్టే ఇంకో చిన్న పురుగు, ఎర్ర చుక్కల రెడ్ బగ్స్ మాత్రమే మీ బాధైతే ఈ చర్చే వేరు. వాటికి కుక్కల హార్ట్‌వర్మ్ మాత్రలోని మిల్బెమైసిన్ ఆక్సైమ్ వాడతారు. పశువుల డాక్టరు చీటీ కావాలి, రొయ్యలూ పీతలూ ముందే బయటికి తియ్యాలి.

ఇలాంటి ట్యాంక్ మేమూ పెట్టుకోవచ్చా అని హైదరాబాద్, వైజాగ్ వాళ్ళు అడుగుతుంటారు. మనదేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఇంట్లో పెంచడం కుదరదు. ఇది టెక్సాస్ ముచ్చటగానే చదవండి.

ఈ డిప్‌కి కోసిన ఒకటిన్నర మార్కులో అర మార్కు టెన్యూయిస్‌ల కోసం. టెన్యూయిస్, మిల్లెపోరా రెండూ అక్రోపోరా రకాలే. మిల్లెపోరాలు మర్నాటికి పాలిప్స్ విప్పేవి. టెన్యూయిస్‌లు రోజుల తరబడి అలిగి కూర్చునేవి, ఒకటి అడుగు నుంచి చర్మం ఊడి పోయింది కూడా. మిగతా మార్కు గుడ్ల సంగతి లేబుల్ మీద చిన్న అక్షరాల్లో వేసినందుకు.

డిప్‌కి తోడుగా ట్యాంక్‌లో సిక్స్‌లైన్ రాస్ అనే చిన్న చేపని వదిలాను. ఆ చేపా, ఒక రకం పెప్పర్‌మింట్ రొయ్యా ఈ పురుగుల్ని తింటాయని జేమ్స్ కుక్ యూనివర్సిటీవాళ్ళు పరీక్షించి చూశారు. మా రాస్ రోజంతా కొమ్మల్లో దూరి ఏదో ఏరుకుంటూనే ఉంటుంది. దాని కడుపులోకి ఏం పోతోందో గానీ, తర్వాత తెచ్చిన ఏ చిన్న చేపనీ మూలలోంచి బయటికి రానివ్వలేదు. రాళ్ళన్నీ తీస్తే తప్ప అది చేతికి చిక్కదు. రాస్ కొనేముందు ఇంకే చేపలు కావాలో అవన్నీ తెచ్చేసుకోండి.