బార్క్‌లీలో ఒక పల్లెటూరి వైద్యుని ఇల్లు

బ్రిస్టల్‌లో మా అమ్మాయి ఇంట్లో నెల రోజులు ఉండడానికి వెళ్ళినప్పుడు, అందరూ చూడమనే బాత్ నగరాన్నీ స్టోన్‌హెంజ్‌నూ తరువాతికి వాయిదా వేసి, మేము ముందుగా వెళ్ళినది గ్లోస్టర్‌షైర్‌లోని బార్క్‌లీ అనే చిన్న ఊరికి. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ 1749లో పుట్టినదీ, వైద్యం చేసినదీ, 1823లో కన్నుమూసినదీ అక్కడే. ఈ ప్రయాణం పట్టుబట్టి పెట్టించినది మా అత్తయ్యగారు. తెనాలి దగ్గరి పల్లెలో పెరిగిన ఆమె చేతి మీద చిన్ననాటి టీకా మచ్చ ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఊరు బ్రిస్టల్‌కు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, అక్కడ రైల్వే స్టేషన్ లేదు. దగ్గరలో ఉన్న క్యామ్ అండ్ డర్స్‌లీ స్టేషన్‌లో దిగి టాక్సీ ఎక్కాలి. మేము ముందు రోజే మాట్లాడుకున్న టాక్సీ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది కనుక, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఇంట్లో కారు ఉంటే దానిలోనే వెళ్ళడం మేలు.

జెన్నర్ ఇంటి పేరు చాంట్రీ. చర్చి ఆవరణను ఆనుకొని ఉన్న ఈ ఇంటిని ఆయన 1785లో కొన్నారు. ఆయన తరువాత చాలాకాలం చర్చి గురువుల నివాసంగా ఉండి, ససకావా అనే జపాన్ దాత ఇచ్చిన విరాళంతో 1985లో మ్యూజియం అయింది. లోపల ఆడంబరం ఏమీ లేదు. లండన్‌లో జాన్ హంటర్ వంటి గొప్ప శస్త్రవైద్యుని వద్ద శిష్యరికం చేసి కూడా సొంత ఊరికే తిరిగివచ్చిన మనిషి చదువుకున్న గది, పరికరాలు, ఆయన ఆసక్తుల ఆనవాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆయనకు బ్రిటన్‌లోని పేరున్న శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యత్వం టీకా వలన రాలేదు. మరో పక్షి గూటిలో పొదిగిన కోకిల జాతి పిల్ల, కళ్ళయినా తెరవకముందే తక్కిన గుడ్లను వీపుతో గూటి బయటికి నెట్టివేస్తుందని గమనించి రాసినందుకు వచ్చింది. ఆ భాగం దగ్గర నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలబడిపోయాను. పై అంతస్తులో 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించేవరకు సాగిన కథ ఉంది. అక్కడ చదవవలసినది ఎక్కువ, చూడవలసినది తక్కువ.

అసలు చూడవలసినది తోటలో ఉంది. చెట్టు మొద్దులతో, బెరడుతో కట్టి పైన గడ్డి కప్పిన చిన్న గుడిసె అది. దానికి జెన్నర్ ‘టెంపుల్ ఆఫ్ వ్యాక్సీనియా’ అని పేరు పెట్టుకున్నారు. చుట్టుపక్కల పేదలకు ఆయన ఉచితంగా టీకాలు వేసినది అందులోనే. ముగ్గురం లోపల నిలబడితే ఇరుకయింది. అత్తయ్యగారు గోడను తడిమి చూసి, “మా ఊళ్ళో అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళమమ్మా, ఇంకొకళ్ళని గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. పోలేరమ్మకు చద్ది నివేదన పెట్టుకొని కూర్చునేవాళ్ళం,” అన్నారు. టికెట్ కిచ్చిన డబ్బు నా లెక్కలో అక్కడే తీరిపోయింది.

1796 మే 14న జెన్నర్, సారా నెల్మ్స్ అనే పాలమనిషి చేతి మీది గోమశూచి (ఆవుల నుంచి సోకే, మశూచిని పోలిన తేలికపాటి జబ్బు) పుండు రసి తీసి, తన తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించారు. జూలైలో అసలు మశూచి రసినే ఎక్కించి చూస్తే, పిల్లవాడికి జబ్బు రాలేదు. ఆ పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. జెన్నర్‌కు చిన్నతనంలో పాతపద్ధతిలో మశూచి రసి ఎక్కించి, పస్తులుంచి, గుర్రాలశాలలో పెట్టినది కూడా అదే వయసులో కావడం నాకు కొంచెం గుండె బరువనిపించింది. ఈనాడు ఎవరైనా అటువంటి ప్రయోగం చేస్తే జైలుకు వెళతారు. ఫిప్స్ పెద్దవాడయ్యాక జెన్నర్ అతనికి అద్దె లేకుండా ఇచ్చిన చిన్న ఇల్లు ఊళ్ళోనే ఉంది.

పక్కనే ఉన్న సెయింట్ మేరీస్ చర్చిలో బలిపీఠం దగ్గర జెన్నర్ సమాధి ఉంది. గంటల గోపురం చర్చికి అంటకుండా విడిగా నిలబడి ఉండడం విశేషం. 1327లో రెండవ ఎడ్వర్డ్ రాజు ప్రాణాలు పోయిన బార్క్‌లీ కోట కూడా అడుగుల దూరంలోనే ఉంది. కోట గొప్పదే, కాని దానికి సగం రోజు పడుతుంది, ఎగుడుదిగుడు మెట్లు మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి పనికిరావు. రెండింటిలో ఒకటే చూసే వీలుంటే డాక్టరుగారి ఇల్లే చూడండి. రెండూ ఏడాది పొడుగునా తెరిచి ఉండవు కనుక, బయలుదేరే ముందు రోజులు కనుక్కోవడం తప్పనిసరి.

రాత్రి దగ్గరలోని ఒక పబ్ పైన గది తీసుకున్నాము. కింది అంతస్తులో ఇస్తామని ఒప్పుకున్న గదిని తీరా వెళ్ళాక నిటారు మెట్ల పైన ఇచ్చారు. అత్తయ్యగారిని చెయ్యి పట్టి ఎక్కించవలసి వచ్చింది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు ధారాళంగా వచ్చాయి, పొద్దుటి ఫలహారంలో శాకాహారులకు పుట్టగొడుగులు, బీన్స్, టోస్టు వేడివేడిగా పెట్టారు. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం వంటగది మూసివేస్తారట. మేము దిగేసరికి ఎనిమిదింబావు. మా అమ్మాయి డబ్బాలో పెట్టి పంపిన పులిహోర ఆ రాత్రికి మా భోజనమయింది.