నాగార్జునకొండ లాంచీ: దీవి మీద దొరికే ఆ గంట

నాగార్జునసాగర్ డ్యాం నీళ్ల నడుమ ఉన్న దీవి నాగార్జునకొండ, పాత బౌద్ధ కట్టడాలు, మ్యూజియం ఉన్న చోటు. సాగర్‌ల లాంచీ ఎక్కి అక్కడికి పోయి వచ్చుడు పైసలు దండుగయ్యే పని కాదు. అయినా చానామంది ముఖం ముడుచుకొనే తిరిగొస్తరు. లాంచీ బాగలేక కాదు, దీవి బాగలేక కాదు. జెట్టీ నుంచి దీవి దాకా ఇంచుమించు 11 కిలోమీటర్ల నీళ్లు. పోవడానికి ముప్పావు గంట నుంచి గంట, రావడానికి మళ్ళ అంతే. మధ్యల నేల మీద దొరికేది ఒక గంట. ఆ గంటల సగం గేటు కాడ ఫొటోలకే పోతే ఇగ చూసేదేముంటది?

ముందుగాల రోజు సంగతి. మ్యూజియం శుక్రవారం బంద్. ఆ రోజు దీవికి పోయి లాభం లేదు. ఆదివారమైతే హైదరాబాద్ కార్లతోని తెలంగాణ ఒడ్డున ఉన్న హిల్ కాలనీ నిండిపోతది. డ్యాం గేట్లు ఎత్తినప్పుడైతే చెప్పే పనే లేదు, పార్కింగ్ దొరుకుడే కష్టం. మామూలు రోజుల ఇంకో తిప్పలు: సరిపడ జనం కూడనిదే లాంచీ కదలదు. అందుకే మంగళ, బుధవారాలు పోయేటోళ్లు పొద్దుగాలనే కౌంటర్ కాడికి పోయి, "ఇయ్యాల దీవికి ఉన్నదా, ఎన్ని గంటలకు?" అని అడిగి, అప్పుడు టిఫినుకు పోవాలె. ఒడ్డు పక్కనే నీళ్లల్ల ఉత్త చక్కర్లు కొట్టించే బోటు టికెట్టు వేరు, దీవి టికెట్టు వేరు. "బోటింగ్" అని అడిగితే మొదటిది చేతిల పెడతరు. "నాగార్జునకొండ" అని పేరు పెట్టి అడగాలె. దీవి మీద పురావస్తు శాఖ టికెట్టు మళ్ళ వేరే.

నల్గొండ నుంచి హాలియా, పెద్దవూర మీదుగా, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చేటోళ్లకు ఎడమ ఒడ్డే, అంటే తెలంగాణ దిక్కే, దగ్గర. అటు ఒడ్డున విజయపురి సౌత్ నుంచి కూడ లాంచీలున్నయి. దీవి లెక్కకు ఆంధ్రల ఉన్నది, పల్నాడు జిల్లా. ఇక్కడ లేదంటే అక్కడ ఫోన్ చేసి కనుక్కోండి. అటు పోవాలంటే డ్యాం కింది వంతెన మీదికెళ్లి పోవాలె.

నీటిమట్టం చూసుకోకుండ బయలుదేరొద్దు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. శ్రీశైలం గేట్లు ఎత్తినంక, ఆగస్టు నుంచి మెల్లగ ఎక్కుతది. నిండినంక చలికాలం దాకా మంచి కాలం. ఎండాకాలంకు నీళ్లు దిగిపోయి, దీవి కాడ దిగే చోటు కిందికి జరుగుతది. ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతది, మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లకు అది కష్టం. మరీ ఎక్కువ వరద వస్తున్నప్పుడు, గాలి లేచినప్పుడు లాంచీలు ఆపేస్తరు. అప్పుడు కౌంటర్ల కూసున్నాయనతోని కొట్లాడి ఫాయిదా లేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు కాడ బోటు మునిగినంక ఆంధ్ర దిక్కు బోట్లన్నీ ఆపి, నిబంధనలు గట్టిగ చేసిన్రు. ఆ గట్టితనం మన మంచికే.

లైఫ్ జాకెట్ ఇస్తరు. చేతుల పట్టుకొని కూసునుడు కాదు, వేసుకొని బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీ గుంజి బిగించాలె. భుజాల కాడ పట్టుకొని పైకి లేపితే గదుమ దాకా వచ్చిందంటే వదులున్నట్టు, నీళ్లల్ల అట్లనే పైకి జారి తల తప్పించుకుంటది. పిల్లలకు పెద్దోళ్ల సైజు అసలే పనికిరాదు, చిన్నది అడిగి తీసుకోండి. కూసునేకాడ ఇంజన్‌కు దూరం జరిగితే డీజిల్ వాసన, చప్పుడు తప్పుతయి. కొండ కనపడంగనే జనమంతా ఫోన్లు పట్టుకొని ఒక్క పక్కకే ఉరుకుతరు. పై అంతస్తున్న లాంచీల ఆ బరువు పైన చేరితే వాలుడు ఇంకా ఎక్కువ. డ్రైవర్ అరిచేది అందుకే.

ఇగ దీవి. దిగేముందు డ్రైవర్‌ను ఒక్క మాట అడగాలె: "తిరిగి ఎన్నింటికి?" గంటకు అంటే ఎప్పటి నుంచి గంటకు? గడియారం మీద టైం చెప్పించుకోండి. కరీబియన్ దీవులల్ల పెద్ద క్రూజ్ ఓడ టైంకు రానోళ్లను వదిలేసి పోతది, వాళ్లు సొంత ఖర్చుతోని తర్వాతి రేవుకు చేరుకోవాలె. మన లాంచీ అంత కఠినం కాదు గాని, నూరుమందిని ఎండల కూసోబెట్టి మీ ఒక్కరికోసం ఆగితే వినే మాటలు బాగుండయి.

చానామంది చేసేది: దిగంగనే తోటల, కోటగోడ కాడ ఆగుడు, స్తూపాలు ఒక్కొక్కటే చూసుకుంట పోవుడు, మ్యూజియంల అడుగు పెట్టేసరికి టైం అయిపోవుడు. తిరగెయ్యండి. నడక ఆపకుండ ముందుగాల మ్యూజియంకే పోవాలె, ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు అక్కడనే. స్తూపాలు తిరిగి వచ్చేటప్పుడు ఎట్లనూ దారిలనే ఉంటయి.

మ్యూజియంల మొదట చూడాల్సింది శిల్పాలు కాదు, మునిగిన లోయ నమూనా. మూడు దిక్కుల గుట్టలు, నాలుగో దిక్కు కృష్ణ, మధ్యల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, మూడో శతాబ్దం నాటిది. 1926ల ఎ.ఆర్. సరస్వతి ఈ జాడ పట్టిండు. డ్యాంకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు. నీళ్లు వచ్చేలోపల, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంల లోయంతా తవ్విన్రు. మీరు లాంచీల దాటి వచ్చిన నీళ్ల కింద ఉన్నది ఆ ఊరే. ఇది తెలిస్తేనే బయటి కట్టడాలు అర్థమైతయి. అవి ఇక్కడ పుట్టినయి కావు, లోయలకెళ్లి పైకి తెచ్చి మళ్ళ కట్టినయి. దీవి మీద కొన్ని, ఆంధ్ర ఒడ్డున అనుపు అనే చోట కొన్ని.

శిల్పాలు చానావరకు లేత ఆకుపచ్చ చాయ ఉన్న సున్నపురాయి. బుద్ధుని కథలు, జాతక కథలు చెక్కిన పలకల కాడ ఆగండి. నిలువెత్తు బుద్ధ విగ్రహం వదలొద్దు. బయట మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, అడ్డం 106 అడుగులు, లోపల బండి చక్రం లెక్క ఆకులు పెట్టి ఇటుకలతోని కట్టిన ప్లాను. దాన్ని కట్టించిన చాంతిసిరి రాజు వీరపురుషదత్తునికి మేనత్త, అత్తగారు కూడ. మేనరికం మనకు నిన్న మొన్నటిది కాదన్నట్టు. నాలుగు దిక్కుల అయిదేసి ఆయక స్తంభాలు నిలబెట్టే పద్ధతి బుద్ధుని జీవితంల అయిదు ఘట్టాలకు గుర్తు: పుట్టుక, ఇల్లు విడుచుట, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం. గైడ్ దొరుకుతడని నమ్ముకోకుండ ఇంత తెలుసుకొని పోతే సరిపోతది.

తిండికి దీవిని నమ్ముకోవద్దు. మనిషికి లీటరు నీళ్లు, టోపీ, చిన్న పిల్లలుంటే బిస్కెట్లు. నడక ఎక్కువ, నీడ తక్కువ, అందుకే పొద్దుగాల మొదటి లాంచీయే ఎక్కాలె. చేపల వేపుడు ఎట్లనూ ఒడ్డుకొచ్చినంక హిల్ కాలనీల ఉన్నది.

మార్కులు: లాంచీ ప్రయాణంకు 5కు 4, మ్యూజియంకు 5కు 5, టైం చెప్పే తీరుకు 5కు 2. గంట సరిపోలేదు అనిపిస్తే మధ్యాహ్నంకు బుద్ధవనం పక్కనే ఉన్నది, 2022ల తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు, 274 ఎకరాలు, తొందరపెట్టే డ్రైవర్ ఉండడు. అటు ఒడ్డుకు పోయేటోళ్లైతే అనుపుల మెట్ల రంగస్థలం చూడండి, దానికి లాంచీ అక్కర లేదు, రోడ్డు మీదనే పోవచ్చు.