డాష్‌బోర్డు మీద బిళ్ల చూసి లిమిటెడ్ ఎడిషన్ అనుకోకండి

పాత రేసు కారు అందాన్ని కొత్త బండికి తొడిగి, లెక్కపెట్టి కొన్నే చేసే హెరిటేజ్ ఎడిషన్ స్పోర్ట్స్ కార్లు ఉంటాయి చూశారా, అలాంటిదాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. నేను మోసపోయాను. నిన్న అచ్చం అలాంటి ప్రకటనే ఇంకొకటి కంటపడింది. ముందు అద్దం కింద ఛాసిస్ నంబరు కనిపించే చోట కాగితం ముక్క పెట్టి మరీ ఫొటో తీశారు. అందుకే ఇప్పుడు రాస్తున్నా. షోరూం పేరు, కారు పేరు రాయలేను, వ్యవహారం లాయరు దగ్గరుంది.

బండి చూడగానే మతి పోయింది, ఒప్పుకుంటా. బానెట్ నుంచి వెనక దాకా రెండు చారలు, తలుపు మీద తెల్లటి గుండ్రంలో రేసు అంకె, గళ్ల గుడ్డ సీట్లు, బాతు తోకలా పైకి లేచిన వెనక రెక్క. డాష్‌బోర్డు మీద చిన్న అల్యూమినియం బిళ్ల, దాని మీద వరుస సంఖ్య. అమ్మేవాడు ఆ బిళ్ల మీద వేలితో తట్టి, "ఇదండీ దీని విలువ" అన్నాడు. నేను తలూపాను.

నిజానికి నన్ను పడగొట్టింది అతను కాదు. ఏళ్ల తరబడి విన్న అభిమానుల మాటలు. "ఇలాంటివి మళ్లీ రావు", "రేటు పెరగడమే తప్ప తగ్గదు", "మాన్యువల్ గేర్ల ఆఖరి బళ్లు ఇవే". ఈ మాటలు చెప్పేవాళ్లలో చాలామంది ఆ కారు స్టీరింగ్ కూడా పట్టుకోలేదు. నేనూ పట్టుకోకుండానే పది మందికి చెప్పాను, అది వేరే సంగతి.

రేటు తగ్గదన్న మాట ఎంత నిజమో చెప్పడానికి పోర్షే కంపెనీ 911 స్పోర్ట్స్ కారులో వచ్చిన 911 ఆర్‌ ఎడిషన్ చాలు. 2016లో 991 బళ్లే చేశారు. మాన్యువల్ గేర్లు, రెక్క లేని శుభ్రమైన ఆకారం. కొన్నవాళ్లు అసలు ధరకు ఎన్నో రెట్లకు అమ్మకానికి పెట్టారు. మరుసటి ఏడాదే కంపెనీ 911లోనే జీటీ3 అనే మోడల్‌లో మాన్యువల్ ఇచ్చింది, ఆ వెంటనే దాంట్లోనే రెక్క లేని టూరింగ్ రకం కూడా తెచ్చింది. 911 ఆర్‌ రేట్లు దిగొచ్చాయి. ఇంకో మాట, ఆ 991 అన్నది ఆ తరం 911కి కంపెనీ పెట్టుకున్న కోడ్ నంబరే. 911 ఎస్/టీ అనే ఇంకో ఎడిషన్ 1,963 చేశారు, ఎందుకంటే 911 పుట్టింది 1963లో. ఫ్రెంచి కంపెనీ ఆల్పైన్ తన ఏ110 కారు తొలి ఎడిషన్ చేసింది 1,955, ఆ కంపెనీ మొదలైన ఏడాది. ఎన్ని బళ్లు చేయాలన్నది కూడా కథకు అతికేలా ఎంచుకున్న అంకే.

ఈ ఎడిషన్లన్నీ ఒట్టి రంగులే అనడం లేదు. 2022లో వచ్చిన 911 స్పోర్ట్ క్లాసిక్‌నే తీసుకోండి. 550 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్, ఏడు గేర్ల మాన్యువల్, ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే. మామూలు 911ని తెచ్చి దాన్ని తయారుచేయడం అంత సులువు కాదు. 911లోనే ఇంకో రకమైన టార్గా 4ఎస్‌కు 2020లో వచ్చిన హెరిటేజ్ డిజైన్ ఎడిషన్ సంగతి అలా కాదు. 992 బళ్లు చేశారు, చూడ్డానికి కన్నుల పండుగ, కానీ యంత్రం మామూలు టార్గా 4ఎస్‌దే. తేడా అంతా పైతొడుగులో ఉన్న బండినే నకిలీ చేయడం తేలిక. నేను కొన్నదీ ఆ జాతిదే అయ్యుండాల్సింది. అదైనా అయ్యుంటే బాగుండేది.

మొదటి సర్వీసుకు తీసుకెళ్లాను. మెకానిక్ తలుపు తెరిచి, అంచున ఉన్న రబ్బరును గోటితో కొంచెం లాగి, "సార్, ఇటు రండి" అన్నాడు. రబ్బరు వెనక వెండి రంగు. బండి మొత్తం ముదురు ఆకుపచ్చ, లోపల సన్నటి వెండి గీత! పెయింటు మందం కొలిచే మీటరు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. నాది 340 చూపించింది. గుండె గుభేల్‌మంది. ఛాసిస్ నంబరు కొట్టి కంపెనీ రికార్డు తీస్తే, అది వెండి రంగు, నల్ల తోలు సీట్ల మామూలు మోడల్ అని తేలింది. బిళ్ల కింద స్క్రూలు కూడా లేవు. రెండు వైపులా అంటుకునే టేపు, అంతే.

షోరూం వాళ్లు చెప్పింది వినండి. "మేము హెరిటేజ్ స్టైల్ అని రాశాం, ఎడిషన్ అని ఎక్కడన్నాం?" ప్రకటన తీసి చూస్తే నిజమే. బిల్లులో మామూలు మోడల్ పేరే ఉంది. ఎడిషన్ అన్నదంతా నోటిమాట. పైగా నేను ఇన్సూరెన్సు లిమిటెడ్ ఎడిషన్ విలువ మీద చేయించాను, ఇప్పుడు అదో తలనొప్పి.

ఇదేం కొత్త విద్య కాదు. 1970ల నాటి 911 ఎడిషన్ కరెరా ఆర్‌ఎస్ 2.7ను మొదట 500 చేద్దామనుకుని చివరికి 1,580 చేశారు. మామూలు 911కి బాతు తోక తగిలించి ఆర్‌ఎస్ వేషం వేసినవి బయట బోలెడు. అందుకే ఆ కారు కొనేవాళ్లు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు పాత రికార్డుతో సరిపోలితేనే బేరానికి కూర్చుంటారు. ఇది నాకు తెలుసు. తెలిసే బోల్తా పడ్డాను, అదీ నా బాధ.

కాబట్టి ముందు పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. ఇస్తే, ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటర్‌లో అడ్వాన్సుకు ముందే రికార్డు తీయించండి. ఫ్యాక్టరీలో ఏ రంగు, ఏ సీట్లు, ఏ ఎడిషన్ కోడ్‌తో బయటకొచ్చిందో అందులో ఉంటుంది. బిళ్ల మీద అంకె ఛాసిస్ నంబరులో ఉంటుందనుకోకండి. ఆ రెంటినీ కలిపి చూపే కంపెనీ కాగితం కావాలి, ఫొటో కాదు, అసలు కాగితం. బిల్లులో ఎడిషన్ పేరు పూర్తిగా రాయమనండి. పెయింటు మీటరున్న మనిషిని వెంట తీసుకెళ్లండి, మోజుతో వెళ్లిన మన కళ్లకు రబ్బరు వెనక గీత కనిపించదు.

బండి బయటికి తీయడం మానేశాను. విషయం తెలిశాక, మొన్నటి దాకా ఆహా ఓహో అన్న మిత్రుడే "సౌండు వినగానే నాకు అనుమానం వచ్చింది" అన్నాడు. అది మామూలు మోడల్ సౌండే, బాగానే ఉంటుంది. లాయరు నోటీసుకు ఇంకా జవాబు రాలేదు. బిళ్ల ఆయన ఫైల్లో ఉంది, టేపు ముక్కతో సహా.